రోమక మహర్షి రోమాలు

శోణపుర రాజభవనానికి తూర్పు కొసన ఉన్న చిత్రశాలలో, కిటికీ కింద పీట వేసుకుని, శంప ఒక మనిషి మోచేతికి వెంట్రుకలు గీస్తోంది. ఆ మనిషి పోయి వందల ఏళ్లయింది. అయినా ఆమెకు అతని మీద మంటగానే ఉంది.

అతను రోమకుడు. పడమటి సముద్రం దాటి, ఎడారి దాటి, ఇంకో సముద్రం దాటితే వచ్చే రోమకపురిలో పుట్టి, అక్కడే వీరుడై, అక్కడే చచ్చినవాడు. అలాంటివాళ్ల కథలు ఓడవాళ్ల నోటి నుంచి పండితులకూ, పండితుల నుంచి సుకేతువర్మ మహారాజుకూ చేరాయి. రాజు ముచ్చటపడి వాటన్నిటినీ పెద్ద పొత్తంగా రాయిస్తున్నాడు. అక్షరాలు రాయసగాళ్లవి. బొమ్మలు శంపవి.

ఆ పొత్తం విప్పితే కళ్లు జిగేలుమనేవి. పుట అంచుల వెంట బంగారు రేకుతో అల్లిన తీగలు, తీగల సందున తొంగిచూసే చిలకలు, ఇంగిలీకపు ఎరుపులో క్రుంగే పొద్దు, నీలిమందు ఆకాశంలో ముత్యాలు చల్లినట్టు చుక్కలు. ఒక పుటలో ఒంటరి వీరుడు వంతెన మీద నిలబడి శత్రుసేనను ఆపుతుంటాడు. అతని వెనక సొంతవాళ్లే వంతెనను నరుకుతుంటారు. కింద ఏట్లో తామరలు విచ్చుకుని ఉంటాయి. ఇంకో పుటలో పట్టుబడిన యువకుడు శత్రురాజు ఎదుట తన కుడిచేతిని నిప్పుల్లో పెట్టి నవ్వుతుంటాడు. మరో పుటలో నిద్రపోతున్న కోటను బాతులు అరిచి లేపుతాయి. బాతులంటే రాజుగారికి చిన్నతనంగా తోచి హంసల్ని గీయించాడు. ఊళ్లకు గోపురాలు, ఆడవాళ్లకు కుచ్చిళ్లు, మగవాళ్లకు తలపాగాలు. చూడని దేశాన్ని ఎవరైనా తమ ఊరిలాగే గీసుకుంటారు. అందులో శంపకు తప్పేమీ కనిపించలేదు.

గొడవంతా వెంట్రుకలతోనే. పొత్తంలో ఉన్న ప్రతి రోమకుడికీ, రాజు నుంచి రజకుడి దాకా, మెడ నుంచి మడమ దాకా ఎలుగుబంటిలా బొచ్చు గీయాలి. ఉడుత తోక వెంట్రుకలు ఒకటి రెండు కట్టిన కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే లాగాలి. ఎందుకని అడిగితే చిత్రశాల పెద్ద విరూపణ్ణది ఎప్పుడూ ఒకటే జవాబు.

"పేరే చెబుతోంది గదే, రోమకులని. ఒంటిమీద రోమాల్లేని బోడివాళ్లయితే వాళ్లకా పేరెందుకు పెడతారు? మా తాత పెట్టిన పద్ధతి. నీకు చేతకాకపోతే చెప్పు."

చేతకాదనే మాట శంపను ఎవరూ అనలేరు. అందుకే గీస్తోంది.

కాని ఈ రోజు మంట వెంట్రుకల మీద కాదు. ఈ రోజు ఆమె ఎదుట ఉన్న పుటలో రోమకపురి నడివీధిన భూమి పగిలి పెద్ద బిలం నోరు తెరుచుకుని ఉంది. ఊళ్లో అన్నిటికంటే విలువైనదాన్ని అందులో వేస్తేగాని అది మూసుకోదని జోస్యులు చెప్పారట. ధైర్యాన్ని మించిన విలువైనది ఏముందని ఒక యువకుడు బంగారు కవచం తొడిగి, తెల్లగుర్రం ఎక్కి, గుర్రంతో సహా అందులోకి దూకాడట. బిలం మూసుకుందట. పుటలో గుర్రం ముందుకాళ్లు గాలిలో ఉన్నాయి. రౌతు మొహం తీర్చినట్టుంది. కళ్లు మాత్రం ఇంకా పెట్టలేదు.

ఆ రౌతుది యువరాజు అరిందముడి మొహం.

జరిగినదిది. పోయిన పున్నమి తరవాత శోణపురంలోనూ భూమి పగిలింది. రాజభవనం ముందున్న నాలుగు వీధుల కూడలిలో, ఏనుగు పట్టేంత బిలం. లోపలి నుంచి గంధకం కంపు. మర్నాడే అడవి దారిన ఒక మహర్షి వచ్చాడు. ఒళ్లంతా బొచ్చు. పేరు ఘనరోముడు. నేను రోమకపురి వాణ్ణి, నా తపస్సుకు మీ దేశపు ఆపద కనిపించి వచ్చాను అన్నాడు. రాజు పొత్తం తెప్పించి చూశాడు. బొమ్మలో ఉన్న రోమకుడు ఎలా ఉన్నాడో ఎదుట ఉన్న మహర్షీ అలాగే ఉన్నాడు. ఇంకేం కావాలి. బిలం బొమ్మ కూడా చూపించి మహర్షి తేల్చి చెప్పాడు: మా దేశంలో ఏం చేశారో మీరూ అదే చేయండి. యువరాజును రౌతుగా చూపే బొమ్మ గీయించండి. ఆ బొమ్మకు కన్ను పెట్టిన క్షణాన గుర్రం కదలాలి.

బొమ్మకు కన్ను చివరనే పెట్టాలన్నది చిత్రకారుల ఆచారం. ఈ మధ్యాహ్నం కూడలిలో, జనం ముందు, శంప ఆ కన్ను పెట్టాలి.

"శంపా."

గుమ్మంలో మహారాణి తరంగిణీదేవి. వెంట చెలికత్తెలు లేరు. రాణి ఏడవడానికి కూడా తీరిక దొరకని మనిషిలా ఉంది.

"లేవద్దమ్మా, కూర్చో." ఆమె వచ్చి నేలమీదే చతికిలబడి, మెడలోంచి కాసులపేరు తీసి రంగుల చిప్పల పక్కన పెట్టింది. "ఇది నీది. కళ్లు పెట్టకు. చెయ్యి వణికిందని చెప్పు, రంగు ఎండిందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

శంప మొహం ఎర్రబడింది. "నా చేత పని చేయించడానికి ఒకరు ఆజ్ఞలిస్తారు. మానిపించడానికి ఒకరు నగలిస్తారు. మీ కొడుకు చావకూడదని నాకు ఊరికే ఉండదాండీ?"

రాణి తల వంచుకుంది. ఆ వంగిన తలను చూసి శంప మాట తగ్గించింది. కాసులపేరు తిరిగి ఇవ్వబోతూ చేతిలో తూచి, అలవాటు చొప్పున ఒక కాసును వెలుగుకు తిప్పింది. చిత్రకారులు దేన్నీ ఊరికే చూడరు. అందులోని మొహాన్ని చూసింది. ఇంకోసారి చూసింది.

"ఈవిడ ఎవరమ్మా?"

"లక్ష్మీదేవి. తలకు పూలదండ, వెనక జడముడి, కనిపించడం లేదూ? మా పుట్టింటి సొమ్ము. మా అమ్మమ్మ నాటి నుంచీ శుక్రవారం శుక్రవారం కుంకుమ పెడుతున్నాం."

"లక్ష్మీదేవికి గొంతుముడి ఉంటుందా?"

"ఏమిటీ?"

"ఇదిగో, ఇక్కడ. మగవాళ్లకుండే ముడి. దవడ చూడండి, ఎంత పలకగా ఉందో. ఇది పూలదండ కాదు, ఆకుల దండ. ఈయన ఎవరో మహరాజు." శంప గొంతు సన్నబడింది. "మీ పుట్టింటికి ఇవి ఎక్కడినుంచి వచ్చాయి?"

రాణి ముత్తురేవు దొర కూతురు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ రేవుకు ఏ ఓడలు వచ్చేవో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. రాణి కూడా. ఇప్పుడు ఆమె నోరు మెల్లగా తెరుచుకుంది.

"రోమక ఓడలమ్మా. మా తాతగారు మిరియాలు పోసి, ఈ కాసులు పుచ్చుకునేవారు."

ఇద్దరూ కాసుకేసి చూశారు. అందులోని రోమక రాజుకు మీసం లేదు, గడ్డం లేదు. మెడ మీద నూగైనా లేదు. అప్పుడే నూనె రాసి తుడిచినట్టున్న నున్నటి మనిషి.

శంపకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. తను రెండు కళ్లూ పోగొట్టుకుని గీసిన ప్రతి వెంట్రుకా అబద్ధం. ఆ అబద్ధాన్ని ఒకడు ఒంటికి అతికించుకుని వచ్చి, దాన్ని చూపించి ఒక మనిషిని చంపబోతున్నాడు.

"రండమ్మా," అంది, పొత్తం చంకన పెట్టుకుని, కుంచెలు కడిగే నీళ్ల ముంత చేత పట్టుకుని. "కాసులపేరు మెడలో వేసుకోండి. దాంతో పనుంది."

కూడలికి వెళ్లే దారిలో, గుర్రపుశాల ముందు, అరిందముడు సిద్ధమై ఉన్నాడు. బంగారు కవచం ఎండలో కణకణలాడుతోంది. తెల్లగుర్రం నోటికి వెండి కళ్లెం, మెడకు మల్లెదండలు. యువరాజు మొహంలో ఉన్న శాంతిని చూసి దార్లో జనం దండాలు పెడుతున్నారు. శంపకు ఆ శాంతిని చూస్తేనే భయం వేసింది. ఆమె ఎదుట బొమ్మకోసం కూర్చున్న మొదటి రోజున అతను గోళ్లు కొరుక్కున్నాడు. బొమ్మ తయారవుతున్న కొద్దీ గోళ్లు కొరకడం మానాడు. చివరికి బొమ్మ ఎలా ఉందో మొహం అలా అయింది.

"యువరాజా, ఆ మహర్షి దొంగ. రోమకుడు కాడు. దూకకండి."

"దొంగయితే మాత్రమేం, శంపా. బిలం దొంగది కాదుగా." అతను నవ్వాడు. "నీ బొమ్మ చూశాను. అందులో నాకు భయం లేదు. అంత బాగా నేనెప్పుడూ లేను."

"అందులో ఉన్న ధైర్యం మీది కాదు. నాది. గీసింది నేను."

అతని నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఎవరో నిద్రలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిచినట్టు రెప్పలు ఆడాయి. అంతలో భేరి మోగింది. మొహం మళ్లీ బొమ్మ అయింది. గుర్రం కదిలింది.

కూడలిలో ఇసుక వేస్తే రాలనంత జనం. బిలం ఒడ్డున పట్టుగుడారం, గుడారంలో సింహాసనం, సింహాసనంలో సుకేతువర్మ. పక్కన మంత్రి నయభద్రుడు, ఎప్పుడూ ఎవరికో తల ఊపుతున్నట్టుండే మనిషి. వాళ్ల వెనక అప్పటికే చెక్కించి నిలబెట్టిన శిలాశాసనం: శోణపురం కోసం కొడుకునిచ్చిన సుకేతువర్మ కీర్తి ఆచంద్రార్కం నిలుచుగాక. కొడుకు పేరు కింద, చిన్న అక్షరాల్లో ఉంది. శంప అది చదివి పళ్లు కొరికింది.

ఘనరోముడు బిలం అంచున పులితోలు మీద కూర్చుని ఉన్నాడు. దగ్గరగా చూస్తే ఆ బొచ్చు నిజంగా భయం గొలిపేలా ఉంది.

"తెచ్చావా అమ్మాయీ? పెట్టు కన్ను," అన్నాడు.

"పెడతానండీ. మా చిత్రకారుల ఆచారం ఒకటుంది. కన్ను పెట్టేముందు దేవతను తలుచుకోవాలి. మహారాణిగారి మెడలో ఉన్న దేవతను తలుచుకుంటాను. మీరు పెద్దలు. ఆ దేవత పేరు చెప్పి నన్ను దీవించండి."

రాణి ముందుకు వచ్చి కాసును ఎత్తి చూపింది. మహర్షి ఒక్కసారి చూసి, కళ్లు మూసుకుని, చేతులు జోడించాడు.

"శ్రీమహాలక్ష్మి. సర్వమంగళం కలుగుగాక."

జనం కూడా చేతులు జోడించారు. రాజూ జోడించాడు. శంప మాత్రం జోడించలేదు.

"మీ దేశంలో మీ రాజును లక్ష్మి అని పిలుస్తారా, స్వామీ?"

ఎవరికీ అర్థం కాలేదు. రాజు కనుబొమలు ముడిచాడు. "ఏం పేలుతున్నావు?"

"మహాప్రభూ, ఇవి రోమక ఓడల్లో వచ్చిన కాసులు. అచ్చు గుద్దింది రోమకపురిలో. మనం లక్ష్మి అనుకున్నామంటే అర్థముంది. ఏ నున్నటి మొహం చూసినా మన కళ్లకు అమ్మవారే కనిపిస్తుంది. కాని ఆ దేశంలో పుట్టినవాడు తన రాజును చూసి చేతులు జోడించి శ్రీమహాలక్ష్మి అంటాడా? ఈయన మన ఊరివాడు. మన మూలవీధి మనిషిలాగే చూశాడు, అలాగే అన్నాడు."

"నిజమేనండీ," అంది రాణి. "మా తాతగారి రేవులో దిగిన కాసులివి. నేనే సాక్ష్యం."

జనంలో గుసగుస లేచింది. ఘనరోముడు తొణకలేదు. "నేను అడవుల్లో పుట్టి అడవుల్లో తపస్సు చేసినవాణ్ణి. రాజుల మొహాలు నాకెందుకు? ఈ పిల్ల లక్ష్మీదేవిని పట్టుకుని ఎవరో రాజంటోంది. అపచారం. దీని ఫలం మీరే అనుభవిస్తారు."

అపచారం అన్న మాట చాలు. గుసగుస ఇటు తిరిగింది. "అవును, అమ్మవారిని పట్టుకుని మగాడంటుందేవిటి," అన్నది ఒక ముసలమ్మ. శంప మొహం మీద చెమట పట్టింది. నిజం చెప్పి కూడా ఓడిపోతున్నానని ఆమెకు తెలిసింది. ఆ తెలియడంలో ఒక చిత్రమైన అవమానం ఉంది. అది భయాన్ని కూడా కాల్చేసేంత వేడిది.

"సరే, రాజు సంగతి వదిలేయండి," అంది గొంతు పెంచి. "ఈ రోమాల సంగతి చెబుతాను. ఇవి రోమకపురివి కావు. మా చిత్రశాలవి. రోమకులంటే రోమాలున్నవాళ్లని మా విరూపణ్ణగారి తాతగారు అనుకున్నారు. అప్పటి నుంచీ గీస్తూ వచ్చాం. నేనూ గీశాను. ఆ కాసులో రాజుకు మీసమైనా లేదు చూడండి. ఈయన రోమకపురి నుంచి రాలేదు. నా బొమ్మలోంచి వచ్చాడు."

"మా తాతనంటావేమే," అని జనంలోంచి విరూపణ్ణ అరిచాడు. "కాసు ఇలా పడెయ్యండి, నేను చూస్తాను." చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత ఎవరికీ వినపడకుండా ఏదో గొణుక్కుని, కాసు తిరిగిచ్చి, జనంలో వెనక్కి జరిగాడు.

అప్పటికే శంప ఘనరోముడి మోచేతి మడత చూస్తోంది. అక్కడ బొచ్చు కింద ఏదో పలచగా మెరుస్తోంది. ఆ మెరుపు ఆమెకు చిన్ననాటి నుంచీ తెలుసు. తుమ్మబంక. రంగు పుటకు అంటుకోవడానికి ఆమె రోజూ కలిపేదే. ఎండితే రాయి. తడిస్తే పాయసం.

ఆమె ఒక అడుగు ముందుకేసింది. చేతిలోని ముంతెడు నీళ్లూ అతని మీద కుమ్మరించింది.

ఎరుపూ నీలం కలిసిన ఆ నీళ్లు అతని భుజాల మీదుగా జారాయి. వాటితోపాటు బొచ్చు కూడా జారింది. ముందు గుప్పెళ్లుగా, తరవాత తడిసిన గొంగళిలా ఒక్క ముద్దగా. దాని కింద పచ్చటి, నున్నటి చర్మం. ఎడమ భుజం మీద పుర్రె పచ్చబొట్టు.

"కరాళకంఠుడు," అని ఎవరో అన్నారు. వల్లకాటి విద్యలకు దేశం నుంచి వెళ్లగొట్టిన మాంత్రికుడి పేరది. చంటిపిల్లలున్న తల్లులు వెనక్కి జరిగారు.

ఇప్పుడైనా రాజు ఆ మాంత్రికుణ్ణి పట్టుకోమంటాడని శంప అనుకుంది. సుకేతువర్మ లేచి నిలబడ్డాడు. మోసపోయినందుకు కాదు, అందరి ముందూ మోసపోయినందుకు అతని పెదవులు వణుకుతున్నాయి. శిలాశాసనం వైపు ఒకసారి చూశాడు. తరవాత వేలు శంప వైపు చాపాడు.

"పట్టుకోండి దాన్ని. నిండు సభలో—"

ఆ మాట పూర్తి కాలేదు. కరాళకంఠుడు పులితోలు మీద నుంచి పిల్లిలా లేచి రాజు నడుముకు చేయి చుట్టాడు.

"నాకు కావలసింది సింహాసనం ఎక్కే వంశపు నెత్తురు. లేతదైతే మేలనుకున్నాను. ముదురుదైనా వండుకోవచ్చు," అన్నాడు. రాజుతో సహా బిలంలోకి దూకాడు.

కిరీటం ఒక్కటే ఒడ్డున పడి, గుండ్రంగా తిరిగి, ఆగింది. లోపలి నుంచి రాజు కేక సన్నగిల్లుతూ సన్నగిల్లుతూ దిగిపోయింది. ఆ వెంటనే భూమి మూలిగింది. బిలం అంచులు ఒకదానివైపు ఒకటి, తిరగలి రాయి కదిలినంత మెల్లగా, జరగడం మొదలుపెట్టాయి.

మొదట తేరుకున్నది మంత్రి నయభద్రుడు. కిరీటం తీసి, ఉత్తరీయంతో దుమ్ము తుడిచాడు.

"చూశారా, బిలం మూసుకుంటోంది. రోమక కథ నిజమైంది. దేశంలో అన్నిటికంటే విలువైనదాన్ని అది అందుకుంది. మహారాజు మనకోసం తమంతట తాము దూకారు."

"తమంతట తామా?" అంది శంప.

"అమ్మాయీ, బొమ్మలో రౌతుకు మహారాజుగారి మొహం పెట్టు. మీసాలు కాస్త దట్టంగా. యువరాజా, కాదు, మహాప్రభూ, ఇలా దయచేయండి. ముహూర్తం దాటకుండా పట్టాభిషేకం కానిచ్చేద్దాం."

కొందరు జయజయధ్వానాలు మొదలుపెట్టారు కూడా. ఒక మనిషి కేక ఇంకా చెవుల్లోంచి పోకముందే దాన్ని కీర్తిగా మార్చేస్తున్నారు. రాజంటే శంపకు ఏ మాత్రమూ ఇష్టం లేదు. ఇప్పుడే ఆయన తనను పట్టుకోమన్నాడు. అయినా ఈ పని చూసి ఊరుకోలేకపోయింది. పొత్తంలో ఆ పుట పట్టుకుని నిలువునా చింపేసింది. బంగారు రేకు పొరలు గాలిలో లేచాయి.

"నేను గీయను. ఇంకెవరైనా గీస్తే ఆ బొమ్మ కూడా చింపుతాను."

అరిందముడు గుర్రం మీద అలాగే ఉన్నాడు. భేరీలు లేవు. కన్ను పెట్టే బొమ్మ లేదు. అతన్ని ఎవరూ దూకమనడం లేదు. పట్టాభిషేకానికి రమ్మంటున్నారు. అతని కుడిచేయి తనకు తెలియకుండానే నోటి దగ్గరకు వెళ్లింది. అతను గోరు కొరికాడు.

శంప చూసింది. ఆ గోరు కొరికే మనిషి తండ్రి కోసం బిలంలోకి దిగుతాడో లేదో ఆమెకు నిజంగా తెలియదు.

అతను గుర్రం దిగాడు.

"తాడు తెండి," అన్నాడు. "ఏనుగుల్ని కట్టే మోకు."

"మహాప్రభూ, తమరు ఇప్పుడు దేశానికి—"

"మా నాన్న కేక వినపడుతోంది, నయభద్రా. నీకు వినపడటం లేదూ?"

మోకును శిలాశాసనానికే కట్టారు. అంత గట్టిగా పాతిన రాయి ఇంకొకటి అక్కడ లేదు. అరిందముడు రెండు చేతులా పట్టుకుని అంచు దాటాడు. అతని తల కనుమరుగు కాగానే నయభద్రుడు, కిరీటాన్ని తన ఉత్తరీయం కింద దాచుకుని, పక్కనున్న భటుడికేసి చూసి ఎప్పటిలాగే తల ఊపాడు. భటుడు కత్తి దూసి మోకు దగ్గరకు నడిచాడు.

తరంగిణీదేవి వెళ్లి ఆ మోకు మీద కూర్చుంది.

"నరకవయ్యా," అంది. "ఈ తాడుకు ఒక కొసన నా కొడుకు, దాని అడుగున నా మొగుడు. మధ్యలో నేనున్నాను. ఎక్కడ నరుకుతావో నరుకు."

భటుడు మంత్రి వైపు చూశాడు. మంత్రి ఆకాశం వైపు చూశాడు. కత్తి ఒరలోకి వెళ్లిపోయింది.

అంతలో బిలంలోంచి అరిందముడి గొంతు వచ్చింది. "కవచం ఇరుక్కుంది. రాతిపంటికి పట్టేసింది. దిగలేను, ఎక్కలేను."

అంచులు ఇప్పుడు బండి పట్టేంత ఎడంలోకి వచ్చేశాయి. ఒడ్డున అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కవచం కుట్లు గట్టి తోలువి. పైనుంచి విప్పే దారి లేదు. శంప మొలలోని కత్తిని తడుముకుంది. బంగారు రేకు కోసే కత్తి, వేలెడంత. చీరకుచ్చెళ్లు ఎగదోపి, మోకు పట్టుకుంది.

"అమ్మా, మీరు లేవకండి," అని రాణితో చెప్పి దిగిపోయింది.

గంధకపు పొగ కళ్లను కుట్టింది. రెండు పక్కలా రాయి ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. గోడల్లో ఏవో ఎర్రటి జాతిరాళ్లు నిప్పుకణికల్లా వెలుగుతున్నాయి. వాటి చుట్టూ వేళ్లు, వేళ్ల చుట్టూ కుబుసాలు. కింద అరిందముడు ఒక రాతి కొమ్ముకు చిలక్కొయ్యకు తగిలించిన అంగీలా వేలాడుతున్నాడు. ఆమె మోకుకు కాళ్లు మెలివేసి, తలకిందులై, అతని చంక కింది తోలు కుట్టుకు కత్తి ఆన్చింది. ఒకటి తెగింది. రెండోది తెగలేదు. పైన వెలుగు గుమ్మమంత, కిటికీ అంత, గీత అంత.

రెండోదీ తెగింది. బంగారు కవచం జారి చీకట్లోకి పడిపోయింది. అది అడుగును తాకిన చప్పుడు రాలేదు.

మరుక్షణం పైన భూమి మూసుకుంది. పెద్ద ధ్వని కాలేదు. ఎవరో పెద్దమనిషి పెదవులు బిగించినట్టు అయింది, అంతే. మోకు మాత్రం తెగలేదు. రాతి పళ్ల మధ్య చిక్కుకుని నిలిచింది. ఒక్కొక్క పోగే పటుక్కు పటుక్కుమని తెగుతోంది. చాలా కింద దివిటీల వెలుగు కదిలింది. అక్కడి నుంచి రాజు గొంతు, ఎవరినో బతిమాలుతోంది.

అరిందముడు ఒక చేత్తో మోకునూ ఇంకో చేత్తో ఆమె మణికట్టునూ పట్టుకుని ఉన్నాడు. అతని పళ్లు టకటకలాడుతున్నాయి.

"శంపా, నాకు భయంగా ఉంది. నువ్వెందుకు వచ్చావు?"

"ఎందుకా? నిన్ను నాలుగు తిట్టాలని. పైన ఆ మందలో కుదరలేదు. ఒకడెవడో బొచ్చు అంటించుకుని వచ్చి దూకమంటే మల్లెదండలేసుకుని బయల్దేరతావా? బుద్ధుందా నీకు? ఎడమ పక్కన అంచు ఉంది, కాలు పెట్టు."

అతను కాలు తడిమాడు. అంచు దొరికింది.

"నన్ను నువ్వు అన్నావు," అన్నాడు.

"పైన మీరు. ఇక్కడ నువ్వు. రెండో కాలు కూడా పెట్టు, తాడు తెగుతోంది."